ఉపజాతి

మొన్న తరగతిలో ‘జాతి’ అనే మాటకున్న అర్థాలు చెబుతున్నాను. మనుష్యజాతి, తెలుగుజాతి, ఒంగోలు జాతి ఎద్దులు: అన్నిటికీ మనకు ఒకటే మాట. ఆ ఊపులో, ఇథియోపియాలో దొరికిన ‘హోమో సేపియన్స్ ఇడాల్టు’ ఒక ఉపజాతి అన్నాను. వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి, “ఉపకులం లాంటిదాండీ?” అన్నాడు. అందరూ నవ్వారు, అతను నవ్వలేదు. గంట కొట్టారు. నేను జవాబు చెప్పకుండానే వచ్చేశాను.

ఆ జవాబు బాకీ నాకు నిద్ర పట్టనివ్వలేదు.

1997లో అఫార్ ప్రాంతపు హెర్టోలో మూడు పుర్రెలు బయటపడ్డాయి. రెండు పెద్దవాళ్లవి, ఒకటి ఆరేడేళ్ల బిడ్డది. వాటి వయస్సు దాదాపు 1,60,000 ఏళ్లు. 2003లో టిమ్ వైట్, బెర్హానె అస్ఫాల బృందం వాటికి అక్కడి పశుపాలకుల అఫార్ భాషలోంచి పేరు పెట్టింది. ‘ఇడాల్టు’ అంటే పెద్ద. బిడ్డ పుర్రె మీద రాతిపనిముట్ల గాట్లున్నాయి. చేతులు తగిలి తగిలి అది నునుపు తేలింది. పోయిన బిడ్డ పుర్రెను వాళ్లు చాలాకాలం దగ్గర ఉంచుకున్నారన్నమాట.

వీళ్లను వేరే ఉపజాతిగా లెక్కించనక్కర లేదని, వీళ్లూ మనవాళ్లేనని తర్వాత అనేకమంది శాస్త్రజ్ఞులన్నారు. ఎముకలు కొలిచి గీసిన గీతను ఎముకలు కొలిచే చెరపవచ్చు. కులం ఏ కొలతా లేకుండా గీసిన గీత. దాన్ని చెరపడానికి పుర్రెలు చాలవు.

మర్నాడు పాఠం మొదలుపెట్టకముందే ఆ కుర్రవాడికి ఈ మాట చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.