సొంత చేతి కేబుళ్లు

స్పీకర్ కేబుల్‌కి వందల డాలర్లు పెట్టే ముందు చిన్న లెక్క చూడండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, స్పీకర్ 5 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 10 మీటర్లు: నిరోధం సుమారు 0.07 ఓమ్‌లు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అదెంత! ఇక్కడ ఆక్లాండ్‌లో జేకార్ ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్తే వైరు, బనానా ప్లగ్గులు రెండూ దొరుకుతాయి.

ఓపిక కావాల్సింది ఆర్‌సీఏ కేబుల్ దగ్గర. అందులోనూ టర్న్‌టేబుల్‌కైతే పొట్టిగానే చేయాలి. పొడవుతో పాటు కెపాసిటెన్స్ పెరిగితే మూవింగ్ మాగ్నెట్ కార్ట్‌రిడ్జ్‌లో పైస్థాయి ధ్వని మారిపోతుంది. సోల్డరింగ్‌లో ముందు వైరునీ ప్లగ్గునీ వేడిచేయండి, సోల్డర్ దానంతటదే పాకుతుంది. షీల్డ్ పోగు ఒక్కటి మధ్య పిన్నుకి తగిలినా పాట మూగబోతుంది, మల్టీమీటర్‌తో చూశాకే ఆంప్ ఆన్ చేయండి.

మా ఇంట్లో ఘంటసాల రికార్డులన్నీ ఈ కేబుళ్ల మీదే వింటున్నాం. నేర్చుకోవాలనుంటే ఆదివారం రండి, కలిసి చేద్దాం.