దొడ్డిగుమ్మం దీపం

దీపం కొనడం కూడా ఒక పెద్ద పనేనా అని మీరు నవ్వచ్చు. మొన్నమొన్నటి దాకా నేనూ నవ్వేదాన్నే. నా నవలల్లో కథానాయికల చేతికి ఎన్నిసార్లు దీపం ఇచ్చానో లెక్కలేదు. ఆ దీపం రాత్రల్లా వెలుగుతుందా, వాన పడితే దాని గతేమిటి అని ఒక్కసారీ ఆలోచించిన పాపాన పోలేదు. చదివింది బి.ఏ. అందులోనూ చరిత్ర. ఇంట్లో ఫ్యూజు పోతే మా వారి మొహంకేసి చూడడం, నాకు తెలిసిన కరెంటు శాస్త్రం అంతే.

2024 శ్రావణమాసంలో అమ్మ నూతి చప్టా మీద జారిపడింది.

అమ్మకి అప్పటికి 72 ఏళ్ళు. నాన్న పోయినప్పటి నించీ అమలాపురం దగ్గర మా ఊళ్ళో, ఆ పెంకుటింట్లో ఒక్కతే ఉంటోంది. "ఒక్కతే" అంటే ఆవిడకి కోపం. "తులసికోట ఉంది, చెట్లున్నాయి, ఎదురింటివాళ్ళున్నారు, ఒక్కదాన్నెలా అవుతానే?" అంటుంది. నాలుగింటికి లేవడం ఆవిడకి పెళ్ళయిన నాటి నించీ అలవాటు. స్నానాలగది పెరటి చివర. దొడ్డిగుమ్మం నించి ముప్పై అడుగులుంటుందేమో. ఆ రోజు కరెంటు లేదు, చప్టా మీద పాచి పట్టింది, కుడి మణికట్టు బెణికింది.

ఇదంతా నాకు తెలిసింది పదిరోజుల తరవాత. అదీ ఎదురింటి అత్తయ్య దేనికో ఫోన్ చేసి, మాటల్లో మాటగా "మీ అమ్మకి చెయ్యి వాపు తగ్గిందా?" అని అడిగితే.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను గొంతు పూడుకుపోతూ.

"చెబితే ఏం చేస్తావే? హైదరాబాదు నించి చెయ్యందిస్తావా?"

ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరమూ లేదు. ఉంటే బాగుండేది. నేనూ ఓ మాటనేసి, కాసేపు ఏడ్చి, తేలికపడేదాన్ని.

మా దగ్గరికి వచ్చెయ్యమని అడగలేదా అంటారేమో. అడిగాం. ఒకసారి వచ్చి రెండు నెలలుంది కూడాను. నాలుగో అంతస్తులో నేల కనపడక, కళ్ళాపి జల్లడానికి వాకిలి లేక, బాల్కనీలో నిలబడి కిందికి చూస్తూ గడిపింది. మూడో నెల రాకుండానే "నా నుయ్యి నన్ను మరిచిపోతుంది" అంటూ రైలెక్కేసింది.

సరే, ఆవిడ రాదు. వెలుగునైనా ఆవిడ దగ్గరికి పంపుదామనుకున్నాను. మా వారు "వైరు లాగించి నాలుగు లైట్లు పెట్టిస్తే సరి" అన్నారు. కరెంటు పోయినప్పుడు కదండీ అమ్మ పడింది! పైగా తడి పెరట్లో పాత వైరింగంటే నాకు భయం. 1996 నవంబరు 6 తుపానప్పుడు నాకు పదిహేడేళ్ళు. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు దువ్వెనతో ఒకవైపుకి దువ్వినట్టు పడున్నాయి. మా వీధికి కరెంటు తిరిగొచ్చేసరికి వారాలు పట్టింది. అన్నాళ్ళూ సాయంత్రం అయ్యేసరికి హరికేన్ లాంతరు చిమ్నీ తుడవడం నా వంతు. కరెంటు స్తంభాన్ని నమ్ముకునే ఓపిక కోనసీమ ఆడపిల్లలకి ఆనాడే పోయింది.

అంచేత సోలార్ దీపాలు. అందులో లోటేముంది, సూర్యుడు మనవాడేగా!

పెద్ద బజారుకెళ్ళాను. ఎన్ని రకాలనుకున్నారు! నేలలో గుచ్చుకునేవి, గోడకి కొట్టుకునేవి, పూలదండల్లా వేలాడేవి. ఒక పెట్టె మీద ఎర్ర అక్షరాలతో 200 వాట్లు అని ఉంది. అబ్బో, ఇదయితే వీధి చివరి దాకా కనిపిస్తుంది, దొంగలు దడుచుకుంటారు అనుకుని అది గేటుకి తీసుకున్నాను. దారికి రెండు పక్కలా గుచ్చడానికి ముద్దొచ్చే చిన్న దీపాలు ఓ డజను. దసరా సెలవులకి వెళ్ళి, రాళ్ళు పరిచిన బాట పొడుగునా అవన్నీ నా చేత్తో గుచ్చి, పేరంటం పిలుపుకి వెళ్ళొచ్చినంత సంబరపడ్డాను.

తొమ్మిదింటికల్లా డజనూ నిద్రపోయాయి.

గేటు దీపం అసలు వెలగనే లేదు. చెడిపోయిన సరుకు అంటగట్టారని వాడిని తిట్టుకుంటూ కూచున్నాను. తరవాత తెలిసింది, పాపం దాని తప్పేమీ లేదని. మా గేటు పక్కనే పంచాయతీ వీధిదీపం ఉంది. చీకటి పడిందో లేదో ఈ సోలార్ దీపం తన పలక మీద పడే వెలుతురుని బట్టే గ్రహిస్తుందిట. వీధిదీపం కింద దానికి రాత్రన్నదే రాలేదు!

పీకి, వెనక వరండా గోడకి కొట్టించాను. ఈసారి వెలిగింది. వెలిగిందంటే అలా ఇలా కాదు, పెళ్ళివారి పందిరిలా. ఊళ్ళో ఉన్న ఉసుళ్ళన్నీ మా వరండాలోనే దిగాయి. అమ్మ చేతిని కళ్ళకడ్డం పెట్టుకుని మెట్టు దిగబోయి ఆగిపోయింది. "కళ్ళల్లో కొడుతోందే. మెట్టు కనపడ్డంలేదు. చీకటే నయం" అంది.

నాలుగు రోజుల పోటీలో ఓడిపోయిన దానిలా హైదరాబాదు తిరిగొచ్చాను.

మా పక్క ఫ్లాటు పిన్నిగారు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఇన్నేళ్ళుగా ఆవిడతో కరివేపాకూ, పనిమనిషి కబుర్లూ ఇచ్చిపుచ్చుకోవడమే గాని ఆవిడ చదువుతో నాకు పనిపడలేదు. నా గోడంతా విని కళ్ళజోడు సర్దుకున్నారు.

"పెట్టె మీద రాసింది చదివి కొన్నావా? పెళ్ళిచూపుల్లో వాళ్ళు చెప్పిన జీతం నమ్మినట్టే. చూడమ్మాయ్, పలక అంటే జీతం. బ్యాటరీ అంటే పోపులపెట్టెలో దాచిన డబ్బు. దీపం ఖర్చు. ఆ 200 వాట్ల దీపానికి పలక ఎంతుంది?"

అరచెయ్యంత ఉందన్నాను.

"దానికి రెండు మూడు వాట్లు వస్తే గొప్ప. రెండు వందలు ఎక్కణ్ణించి ఖర్చు పెడుతుంది?"

ఆవిడ పాలపాకెట్ల చీటీ వెనక వేసి చూపించిన లెక్క నేనిప్పటికీ దాచుకున్నాను. 5 వాట్ల పలక అనుకోండి. మన ఎండకి రోజుకి నాలుగైదు గంటల నిండు ఎండ లెక్క. అంటే ఇరవై చిల్లర వాట్ అవర్లు. దారిలో కారిపోయేది పోగా పదిహేను చేతికొస్తాయి. ఒక్క వాటు దీపం రాత్రి పదకొండు గంటలు వెలిగితే పదకొండు ఖర్చు. సంసారం గుట్టుగా గడిచిపోతుంది. ముసురు పట్టిందా, జీతం పావు వంతయినా రాదు. అప్పుడేం చెయ్యాలి? ఖర్చు తగ్గించుకోవాలి. మామూలప్పుడు మినుకుమినుకుమంటూ ఉండి, మనిషి అలికిడి కాగానే పెద్దదయ్యే దీపం కొనుక్కోవాలి. అది మన ఒంటి వేడి కదలడాన్ని పసిగడుతుందిట. అలాంటిదయితే రాత్రికి మూడు వాట్ అవర్లతో సరిపెట్టుకుంటుంది.

"ఒక్క వాటేనా పిన్నిగారూ?" అన్నాను నిరాశగా.

"ఇది మీ అమ్మమ్మ కాలపు బల్బు కాదు. ఎల్ఈడీ ఒక వాటుకి వంద లూమెన్ల దాకా ఇస్తుంది. పాత నలభై వాట్ల బల్బు మొత్తం ఇచ్చేది నాలుగు వందల చిల్లర. మెట్టు కనపడ్డానికి నీకు పెళ్ళిపందిరి కావాలా?"

తెల్లటి వెలుగు కూడా వద్దన్నారావిడ. తెల్ల ఎల్ఈడీలన్నీ అసలు నీలం దీపాలేనట, మీద పసుపుపచ్చ పూత పూసి తెల్లగా కనపడేట్టు చేస్తారట. ఆ నీలం దీపం కనిపెట్టినందుకే 2014లో ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు. పురుగులకి ఆ నీలమంటే మోజు. అందుకని పెట్టె మీద 2700 నించి 3000 కెల్విన్ అని ఉన్న పచ్చటి వెలుగు తీసుకోమన్నారు. బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం అయితే ఎండవేడికి ఓర్చుకుంటుంది, ఎక్కువేళ్ళు మన్నుతుంది. మూత విప్పి మార్చుకునేట్టు ఉండాలి. ఐపీ 65 అని ఉంటే దుమ్ము దూరదు, వానజల్లుకీ భయంలేదు. అన్నిటికన్నా ముఖ్యం, పలక వేరుగా, దీపం వేరుగా ఉండి మధ్యలో వైరుండాలి. పలక ఎండలో ఉంటుంది, దీపం అవసరమైన చోట ఉంటుంది. నేను గుచ్చిన డజనూ కొబ్బరిచెట్ల నీడలో ఉన్నాయి మరి! ఒక్క కొబ్బరాకు నీడ పలకలో ఓ మూల పడ్డా చాలుట. వరసగా నిలబడి బిందెలు అందించుకుంటున్న ఆడవాళ్ళలో ఒకావిడ ఆగిపోతే అందరూ ఆగిపోయినట్టు, పలకంతా డీలా పడుతుందిట.

రాజస్థాన్‌లో తిలోనియా అనే ఊళ్ళో అక్షరం ముక్క రాని అమ్మమ్మలకి సోలార్ దీపాలు బిగించడం నేర్పుతారని కూడా చెప్పారు. ఆఫ్రికా నించి సైతం వచ్చి నేర్చుకున్నారట. బి.ఏ. చదివిన దాన్ని, నేను మాట్లాడకుండా కాఫీ తాగాను.

సంక్రాంతికి రెండు దీపాలు పట్టుకెళ్ళాను. రెండూ కలిపి ఓ మాదిరి వెంకటగిరి చీర ఖరీదు. ఈసారి గోడకి మేకు కొట్టే ముందు, ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేశాను. నాలుగింటికి లేచి అమ్మ వెనకాల నడిచాను.

అమ్మ బాట మీద నడవలేదు!

దొడ్డిగుమ్మం దిగి, గోడ వారనే నందివర్ధనం చెట్టు కిందికి వెళ్ళింది. చీకట్లో తడుముతూ నాలుగు పూలు కోసి కొంగులో వేసుకుంది. అక్కణ్ణించి అడ్డంగా నూతి చప్టా ఎక్కి, తొట్టెలో నీళ్ళు ముంచుకుని, అవతలి వైపు దిగి స్నానాలగదికి వెళ్ళింది. రాళ్ళు పరిచిన బాట నాన్న నాకోసం, అన్నయ్యకోసం వేయించింది. స్కూలు బూట్లకి బురద అంటకుండా. దాని మీద నడిచేది మేమే. ఏడాదికి రెండుసార్లు వచ్చినప్పుడు.

కాసేపు నూతి గట్టు పట్టుకుని నిలబడ్డాను. "ఏవిటే, చలేస్తోందా?" అంది అమ్మ. అవునన్నాను.

ఒక దీపం దొడ్డిగుమ్మం మెట్టు పక్కన, మోకాలెత్తులో, కిందికి చూసేట్టు పెట్టాం. రెండోది చప్టా అంచున. ఎదురింటి అత్తయ్య మనవడు గంటలో బిగించేశాడు. పలకలు రెండూ స్నానాలగది రేకుల మీద, దక్షిణం వైపు కాస్త వాల్చి. అటు కొబ్బరిచెట్టు లేదు. తులసికోట దగ్గర మూడోది పెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "అక్కడ నా దీపం ఉందిగా."

"దీనికి నేనేం చెయ్యాలి?" అని అడిగింది తరవాత.

"వారానికోసారి కర్రకి తడిగుడ్డ కట్టి పలక తుడవాలమ్మా. దుమ్ము పడితే సరిగ్గా పనిచెయ్యదు."

"ఓస్, చిమ్నీ తుడవడమేగా!" అంది. మొహం వెలిగింది. చెయ్యడానికి తనకంటూ ఏ పనీ లేని వస్తువంటే ఆవిడకి నమ్మకం ఉండదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటుతోందని టీవీలో చెబుతుంటే నా ప్రాణం ప్రాణంలో లేదు. మర్నాడు మధ్యాహ్నానికి గాని ఫోను కలవలేదు. ఇంటి మీద పెంకులు నాలుగు లేచాయిట, పనసచెట్టు కొమ్మ విరిగిందిట, కరెంటు లేదుట.

"దీపాలో?"

"గాలి మొదలవకముందే కుర్రాడి చేత పలకలు ఊడదీయించి మంచం కింద పెట్టించాను. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. నువ్వు లెక్క చెప్పావుగా, మూడు రోజులు ఎండ లేకపోయినా పరవాలేదని. రేపు మళ్ళీ పెట్టిస్తాలే."

పలకలు ఊడదీయించమని నాకు తోచలేదు. పిన్నిగారికీ తోచలేదు.

మొన్న మళ్ళీ ఫోన్ చేసింది. ఆ గొంతు వింటేనే ఏదో కబురుందని తెలిసింది.

"రాత్రి రెండింటప్పుడు నూతి దగ్గర దీపం పెద్దదయిందే. కిటికీలోంచి చూశాను."

నా గుండె ఝల్లుమంది. "ఎవరమ్మా?"

"పిల్లి. నోట్లో పిల్లని కరుచుకుని కట్టెల కొట్టంలోకి తీసుకెళ్ళింది. దీపం తగ్గింది. కాసేపటికి మళ్ళీ పెద్దదయింది, ఇంకోదాన్ని తెచ్చింది. ఏడిళ్ళు తిప్పుతుందంటారు, మనిల్లు ఎన్నోదో మరి."

"నిద్ర చెడుతోందిగా. అంత చిన్నవాటికి వెలక్కుండా తగ్గించుకోవచ్చుట, పిన్నిగారిని అడిగి చెబుతాను."

"తగ్గించకే!" అంది గబుక్కున. "మూడోది తెచ్చేదాకా కూచున్నాను. నాలుగోది కూడా ఉందేమోనని ఇంకాసేపు చూశాను."