సంఘంలో సఖ్యత

1947 సెప్టెంబరు 27వ తేదీన, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రల్‌లో ఒక విశేషం జరిగింది. ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలవారూ, అంతకుముందు 1908లోనే ఏకమై ఉన్న ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారూ కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. నేను ఆ సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి.

ఆ కలయిక ఒక్కరోజులో జరిగినది కాదు. 1919 మే నెలలో తరంగంబాడిలో మొదలైన సంప్రదింపులు ఇరవై ఎనిమిదేళ్ళు సాగాయి. వాటికి ప్రాణం పోసినవారిలో ముఖ్యుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి తమిళుడైన ఆయన తెలుగువారి మధ్య దోర్నకల్‌లో సేవచేసి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. 1945 జనవరి 1న కన్నుమూసిన ఆయనకు తాను కోరిన ఐక్యతను చూసే భాగ్యం దక్కలేదు.

అన్నాళ్ళూ వారిని పట్టి ఉంచిన ప్రధాన వివాదం బోధకుల అభిషేకం గురించినది. బిషప్పు చేతులుంచి అభిషేకించనివాడు ప్రభు భోజన సంస్కారం జరపవచ్చునా? ఆంగ్లికన్లకు ఇది ప్రాణప్రదమైన విషయం. తక్కినవారికి ఆ ప్రశ్నే అవమానకరం. చివరకు కుదిరిన ఏర్పాటు ఇది: అప్పటికి సేవలో ఉన్న బోధకులందరినీ అందరూ అంగీకరించాలి, ఇకమీదట అభిషేకాలు బిషప్పుల చేతులమీదుగా జరగాలి, రెండు పద్ధతులూ పక్కపక్కన సాగడానికి ముప్పై ఏళ్ళ గడువు ఉండాలి. అన్నిటికంటే నాకు గొప్పగా తోచేది వారు పరస్పరం చేసుకొన్న వాగ్దానం. అలవాటు లేని ఆరాధన పద్ధతినిగాని, మనస్సాక్షి ఒప్పని బోధకుణ్ణిగాని ఏ స్థానిక సంఘం మీదా రుద్దకూడదన్నారు. అయినా అందరూ రాలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో పెద్ద భాగం చాలా ఏళ్ళు వెలుపలనే ఉండిపోయారు.

ఇంతటి వివాదాలను దాటి వచ్చిన సంఘానికి చెందిన మేము ఒక చలువరాతి పలక దగ్గర బోల్తాపడ్డాము.

కృష్ణా జిల్లాలోని మా ఊరి దేవాలయానికి కొత్త ప్రాకారం కట్టించి, దాతల పేర్లు చెక్కించారు. ఎవరి పేరు ముందుండాలి? ధనం ఎక్కువగా ఇచ్చినవారిదా, పూర్వం స్థలమిచ్చిన కుటుంబానిదా? ఆరు నెలలు తిరిగేసరికి పలక మాట వెనకబడి, పాత కక్షలు, కులాల గుసగుసలు ముందుకొచ్చాయి. పాస్టరేటు కమిటీ రెండుగా చీలింది. కోర్టులో దావా పడింది. గేటుకు ఒక వర్గం వేసిన తాళం మీద రెండో వర్గం మరో తాళం వేసింది. ఆ రోజుల్లోనే ఒక వృద్ధురాలు మరణించింది. శనివారం సాయంత్రాలు ఆ గుడిని ఊడ్చి, దీపాలు తుడిచిన మనిషి. ఆమె పెట్టెను రోడ్డు మీద దింపి, అక్కడే ప్రార్థన చేసి సమాధుల తోటకు మోసుకుపోయారు. రెండు వర్గాలవారూ వచ్చారు, రోడ్డుకు చెరొక పక్కన నిలబడ్డారు.

తప్పు చేసిన సోదరుని వద్దకు మొదట ఒంటరిగా వెళ్ళి మాట్లాడమనీ, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్ళమనీ, అప్పటికీ వినకపోతేనే సంఘానికి తెలపమనీ మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉన్నది. మేము ఆ మెట్లను తలకిందులుగా ఎక్కాము. మొదట బిషప్పు కార్యాలయానికి అర్జీ, తరువాత కోర్టు. ఎదురుపడి మాట్లాడుకోవడం మాత్రం జరగనేలేదు. ఫిలిప్పీలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పడకపోతే పౌలు ఇద్దరినీ పేరుపేరునా బతిమాలుకొన్నాడు. వారికి తోడ్పడమని మరొకరిని కోరాడు. తగవు ఏమిటో, న్యాయం ఎవరిదో రాయలేదు. మా ఊరిలో ఐతే ఆ రెండే అందరికీ కావలసినవి!

మరుసటి ఏడు బదిలీపై వచ్చిన అయ్యగారు తీర్పరితనం చేయలేదు. ఆయనకొక నియమం ఉండేది. ఎవరైనా మరొకరిపై ఫిర్యాదు మొదలుపెడితే, "ఈ మాట ఆయన ముందు చెబుదురుగాని, పదండి, నేనూ వస్తాను" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టేవారు. చాలామంది అక్కడితో మానుకొనేవారు. కొందరు వెళ్ళారు. అలా ఒక సాయంత్రం ఇరువర్గాల పెద్దలు ఒకే అరుగు మీద కూర్చున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. పలక ప్రసక్తి రానేలేదు. "మా అమ్మాయి పెళ్ళికి నువ్వు రాలేదన్నా" అన్నాడు ఒకాయన. "నువ్వు పిలవలేదు కదా తమ్ముడూ" అన్నాడు రెండో ఆయన. శుభలేఖ ఇమ్మని ఎవరికో అప్పగించారట; అది చేరనేలేదు. పదకొండేళ్ళ కిందటి సంగతి అది.

తాళాలు రెండూ ఆ ఈస్టరుకు ముందే తీశారు. దావా ఉపసంహరణకు మరో ఏడాది పట్టింది. ఒక కుటుంబం మాత్రం తిరిగి రాలేదు. వారు పక్క ఊరి ప్రార్థన మందిరానికి వెళ్తున్నారు. అయ్యగారు మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నెలకొకసారి సైకిలు మీద వారింటికి వెళ్ళి, కాఫీ తాగి వచ్చేవారు. రమ్మని ఒక్కసారీ అడగలేదట.