ఒక్క సమాన చిహ్నము

1991లో లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నెలులోనికి ప్యాచి, అనగా కోడులోని మార్పు, ప్రవేశించుటకు ముందు సాధారణముగా వ్రాసినవాడు గాక వేఱొకరు దానిని చదువు ఆచారము నా మనస్సును చిరకాలముగా ఆకర్షించుచున్నది. తొలగించిన పంక్తికి ముందు ఋణచిహ్నము, చేర్చినదానికి ముందు ధనచిహ్నము, పైనను క్రిందను మూడేసి పాతపంక్తులు, ఇంతే పరిశీలకుని యెదుట నుండునది. అయినను ఆ స్వల్పభాగము వెనుక మెమరీ ఎవరు తీసికొనిరో, లాకు ఎవరు విడువవలెనో, పని విఫలమైనచో ఏ దారిని మరలవలెనో, అంతయు నతడు మనోనేత్రముతో దర్శింపవలసియుండును.

2003 నవంబరులో కెర్నెలు నకలు నుంచిన యొక సర్వరులోనికి ఎవరో అజ్ఞాతముగా రెండు పంక్తులు చొప్పించిరి. యూజరు సంఖ్య సున్నయా యని పోల్చుటకు రెండు సమానచిహ్నము లుండవలసినచోట ఒక్కటే యుండెను. ఒక్కటే యున్నచో అది పోలిక కాదు, సున్నను అచట స్థాపించుట. సున్న యనగా రూటు, యంత్రమునకు సర్వాధికారి! దోషమును పట్టు పంక్తివలె నటించిన యా వాక్యము, కిటుకు తెలిసి ఆ భాగమును పిలిచినవానికి యంత్రమంతటిని ధారపోయును. అసలు ప్రతితో పొసగకపోవుటచే ఆ మార్పు పట్టుబడెను. మనుష్యులు చదివి దాని గుట్టు విప్పిరి.

ప్యాచిని చదివి, దానికి ‘రివ్యూడ్-బై’ అని తన పేరు చేర్చువాడు శ్రద్ధతో పరిశీలించితినని చెప్పునే కాని, సర్వదోషరహితమని పూచీపడడు. ఆ సత్యసంధత నాకు మిక్కిలి ప్రియము. ప్రోగ్రాములు వ్రాయు చదువరులారా, మీ తొలి ప్యాచి పంపకమునుపే అన్యుల ప్యాచి నొకదానిని అర్థమగువఱకు చదువుడు. సందేహము కలిగినచో నిస్సంకోచముగా నడుగుడు.