కనిపించని గుర్తు

మై ఎస్‌క్యూఎల్ డంప్‌ను పోస్ట్‌గ్రెస్‌లోకి ఎక్కించేటప్పుడు మొదట వచ్చే గొడవలు పెద్దగా బాధపెట్టవు. బ్యాక్‌టిక్‌లు పనికిరావు, అన్నీ సున్నాలున్న తేదీని ఒప్పుకోదు. ఎక్కడ ఆగిందో ఎర్రరే చెబుతుంది, సరిదిద్దుకుంటాం.

నన్ను కలవరపెట్టేవి చప్పుడు చేయని తేడాలు. మా చిరునామాలే చూడండి. ఊరి పేరు ‘బడంగ్‌పేట్’ సరిగ్గా కనబడాలంటే గ్, పే మధ్య విడదీసే గుర్తొకటి ఉండాలి. కంటికి ఆనదు గానీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు తింటుంది. అది ఉంటే పేరు 30 బైట్లు, లేకపోతే 27. మై ఎస్‌క్యూఎల్‌లో యూనికోడ్ పోలిక నియమం పెట్టుకుంటే రెండూ ఒకటే. పోస్ట్‌గ్రెస్ మామూలుగా అయితే వేర్వేరు ఊళ్లుగానే లెక్కగడుతుంది. దిగుమతి పూర్తవుతుంది, వరుసల లెక్క సరిపోతుంది, ఎర్రర్ ఒక్కటీ ఉండదు. వెతికితే మాత్రం కొన్ని ఇళ్లు దొరకవు. ఆ ఇళ్లలో మనుషులున్నారు కదా!

ఆ గుర్తును అంతటా తీసేస్తే సరి అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. తీస్తే గ కింద ప ఒత్తు పడి ఊరి పేరే పాడవుతుంది. పేరును ఉన్నదున్నట్టు ఉంచి, వెతకడానికి గుర్తు తీసిన కాలమ్ ఇంకొకటి పెట్టాలి. దిగుమతి అయ్యాక, వరుసలకు ఐడీ నంబర్లిచ్చే సీక్వెన్స్‌ను కూడా ఆఖరి నంబరు దాకా జరపాలి, లేకుంటే కొత్త ఎంట్రీ వేయగానే ‘డూప్లికేట్ కీ’ అంటుంది.