ఉప్పు తగిలిన బోరు

దివిసీమలో సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో నీళ్ల కోసం లోతుకు పోకూడదు. ఈ సంగతి అక్కడ ముసలీముతకా అందరికీ తెలుసు. ఉద్యోగమంతా హైదరాబాద్‌లో చేసి రిటైరై వచ్చిన నాకే పట్టలేదు. ఆ నగరంలో బోరు ఎండితే చేసే పని ఒకటే, ఇంకాస్త దించడం.

నాన్న వేయించిన ఫిల్టర్ పాయింట్ ఇరవై అడుగులుంటుందేమో. ఎండాకాలంలో అది గాలి లాగుతోందని పీకించి, అరవై అడుగుల బోరు వేయించి మోటారు బిగించాను. "లోతుకెళ్తే ఉప్పు తగులుద్దిరా అబ్బాయ్" అంది పక్కింటి పెద్దమ్మ. నవ్వేశాను. పనిలో పనిగా బురద లేకుండా వాకిలంతా సిమెంటు చేయించాను.

మరుసటి ఎండాకాలానికి పప్పు ఉడకడం మానేసింది. కుళాయి మూతికి తెల్లటి పెచ్చు కట్టింది. పరీక్ష చేయిస్తే కరిగిన లవణాలు లీటరుకు 2000 మిల్లీగ్రాములు దాటాయి. వేరే దిక్కు లేనప్పుడు మన ప్రమాణాలు ఒప్పుకునే ఆఖరి హద్దు అది. తర్వాత పెద్దమ్మ పంపులోనూ ఉప్పు మొదలైంది.

"సముద్రం పెరుగుతోంది పెద్దమ్మా, మనమేం చేస్తాం" అన్నాను. అబద్ధం కాదు, అందుకే ఆ మాట చాటున దాక్కోవడం తేలికైంది. 2006 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్రమట్టం సగటున ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు పెరిగింది. వానలూ గతి తప్పాయి. 2023 ఆగస్టు, 1901 తర్వాత దేశంలో అంత పొడిగా గడిచిన ఆగస్టు లేదు. వానా కాలవా ఆలస్యమైతే నేలలోకి ఊటా ఆలస్యమే.

కానీ మిల్లీమీటర్లలో పెరిగే సముద్రం ఏడాదిలో మా పప్పును ఆపలేదు. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, తేలిక గనక. సముద్రమట్టానికి పైన అడుగు మంచినీరుంటే కింద సుమారు నలభై అడుగులుంటుందని ఇంజనీర్లకు వందేళ్లకు పైగా తెలిసిన లెక్క. పైన అడుగు తగ్గితే కింద ఉప్పు నలభై అడుగులు పైకొస్తుంది. ఒకేచోట మోటారుతో గట్టిగా లాగితే, సరిగ్గా ఆ గొట్టం కిందే పుట్టలా లేస్తుంది. నాన్న కాలంలో వానలు నికరంగా పడేవి కాబట్టి కాస్త తప్పు చేసినా చెల్లేదేమో. వాతావరణం ఆ వెసులుబాటును తగ్గించేసింది. మిగిలిన కాస్తనూ నా మోటారు తాగేసింది.

బోరు మూయించాను. లోతు తక్కువ గొట్టం దింపి కొంచెం కొంచెంగా తోడుకుంటున్నాను. ఉప్పు ఒకసారి చేరాక వదలడానికి ఏళ్లు పట్టొచ్చట, పెద్దమ్మ ఇంకా టిన్ను నీళ్లే కొంటోంది. ఇద్దరికీ ఆర్వో యంత్రం పెట్టిస్తానన్నాను. అది వదిలే ఉప్పునీరు మళ్లీ కాలవలోకేగా అంది. "ముందు ఆ సిమెంటు పగలగొట్టు, వాన దిగుద్ది."

సగం పగలగొట్టాను. మిగతా సగంలో కారు పెడుతున్నాను.