పట్టాల రంపము, పసిడి గాజులు

వెల హెచ్చైన వస్తువెల్ల మేలైనదని నమ్మువారు కొందరు. పని జరిగిన చాలును, పేరునకు పైకము పోయనేల యనువారు మరికొందరు. చీరెల విషయమునను, వంటపాత్రల విషయమునను ఈ వాదము మన యిండ్లలో నిత్యము వినబడుచునే యుండును. వడ్రంగివాని రంపమును గూర్చియు నిట్టి వాదమే కలదు. అది మగవారి ముచ్చటయని సోదరీమణు లుపేక్షింపరాదు. ఏలయన, ఆ రంపము కోసిన పలకలే మన వంటయింటి బీరువాలగును. ఆ రంపము కొనుటకు కుదువ బెట్టబడు బంగారము మనవంటి యొక యిల్లాలిదే యగును.

మేము నివసించు ఉప్పల్, నాచారము ప్రాంతములు హైదరాబాదునకు తూర్పుననున్నవి. ఉప్పల్ కలాన్ మొదట వేరు పురపాలక సంఘముగ నుండి 2007లో మహానగరపాలక సంస్థలో కలిసెను. 2017 నవంబరులో మెట్రో రైలు నడచుట మొదలైన పిదప నీ వైపున అంతస్తుల యిండ్లు మరింత పెరిగినవి. ఇల్లు లేచినచోట నెల్ల వంటయింటి అరలు, బట్టల బీరువాలు కావలసియుండును. కావున నాచారపు పారిశ్రామికవాడ చుట్టుపట్ల పని వెదకుకొను వడ్రంగులు పెక్కుమంది కలరు. వీరిలో చాలమందికి సొంత కర్మాగారము లేదు. సంచిలో పనిముట్లు వేసికొని యింటింటికి పోయి పనిచేయువారే.

అట్టివారిలో నొకని భార్య మాకు పరిచితురాలు. ఈ వేసవిలో నామె మాయొద్దకు వచ్చి, చేతి గాజులు చూపుచు, “అమ్మా, ఇవి కుదువబెట్టి జర్మనీ మిషిను తెస్తనంటుండు. అగ్గువది తెచ్చుకొమ్మంటే ఇనడు. సారునడిగి జర చెప్పుండ్రి” అనెను. నాలుగు తులముల గాజులవి, పుట్టింటివారు పెట్టినవి. పెనిమిటి దుర్వ్యసనపరుడు కాడు, పనియందు శ్రద్ధ కలవాడు. కనుక, “ఈయకుము” అని యొక్కమాటతో త్రోసివేయుట న్యాయము కాదని తోచినది. మేమును, మావారును కొన్ని దినములు ఆ పనిముట్ల సంగతి విచారించితిమి.

చతుఃషష్టి కళలలో తక్షణమను పేర వడ్రంగము చేరియున్నది. విశ్వకర్మ పుత్రులలో మయుని కులవిద్య యిదియే యందురు. బాడిశ, ఉలి, చిత్రిక, మూలమట్టము అను మాటలు మనకు క్రొత్తవి కావు. కాని నేడు ప్లైవుడ్ పలక వచ్చి పని తీరు మార్చివేసినది. ఈ పలక యెనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు కలది; అనగా 2440 మిల్లీమీటర్లు, 1220 మిల్లీమీటర్లు. ఎనిమిదడుగుల పొడవున వంకర లేక, అంచు పీచు లేవక కోయుటయే నేటి వడ్రంగమునకు పరీక్ష. కోత రెండు మిల్లీమీటర్లు తప్పినచో తలుపులు రెండును కలియవు. అంచు పెచ్చులూడినచో సందులో తేమ చేరి పలక యుబ్బును, బొద్దింకలు కాపురముండును.

ఇంతటి కోతకు మా వైపు వడ్రంగులు పెక్కురు వాడుచున్నది నిజమునకు రంపమే కాదు. అది పాలరాయి కోయుటకు చేసిన చేతియంత్రము. నాలుగంగుళముల బిళ్లతో నిమిషమునకు సుమారు 12,000 చుట్లు తిరుగును. దానికి పండ్లున్న చెక్కబిళ్ల తగిలించి ప్లైవుడ్ కోయుదురు. చౌక, తేలిక, ఎక్కడైనను దొరకును. కాని చెక్క కోయు రంపమునకుండవలసిన రక్షణలు దానికి లేవు. కోతలోని చెక్క బిళ్లను నొక్కి పట్టకుండ వెనుకనుండవలసిన చీలిక రేకు లేదు. పని ముగియగనే బిళ్లను కప్పివేయు తొడుగు లేదు. చెక్క బిళ్లను పట్టిన క్షణమున యంత్రము వెనుకకు తన్నును. అపుడు తెగునది పలక కాదు, వ్రేళ్లు. మే మెరిగిన యీ వడ్రంగికిని ఎడమచేతి చూపుడువ్రేలి కొన లేదు. నాచారమున ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి యున్నది గాని, అది భీమాపరిధిలోని కర్మాగారములందు జీతమునకు పనిచేయువారికి; తనకు తానే యజమానియై కూలిచేసికొనువానికి ఆ భీమా లేదు. వ్రేలు పోయిన దినమున కూలియు పోవును, వైద్యపు వ్యయమును తనదే యగును.

ఇక పట్టాల రంపమనగా నేమి? దుకాణములవారు దీనిని ట్రాక్ సా యందురు. అల్యూమినియపు పట్టా నొకదానిని పలకపై గీత వెంబడి పరచి, దానిమీద రంపమును నడపుదురు. పట్టా అంచున నున్న రబ్బరు పట్టీ చెక్కను అదిమిపట్టుటచే పీచు లేవదు. బిళ్ల మామూలుగా తొడుగులో దాగియుండి, నొక్కినపుడే క్రిందికి దిగును. వదలిన వెంటనే పైకి లేచును. చుట్లును నిమిషమునకు 5,000 ప్రాంతము మాత్రమే. జర్మనీలో 1925లో ఫెజర్, స్టోల్ అను నిరువురు స్థాపించిన సంస్థ, నేటి ఫెస్టూల్ పూర్వులు, 1960ల దశాబ్దిలో ఈ యుపాయమును వ్యాపింపజేసిరి. పిమ్మట 1915లో నగోయాలో పుట్టిన మకీటా, 1886లో స్టుట్‌గార్ట్‌లో పుట్టిన బాష్ మున్నగువారును చేసిరి. నేడు చీనాదేశమున తయారైన చవుక రకములును వచ్చినవి. పేరుమోసిన దాని వెలతో చవుకవి మూడు నాలుగు కొనవచ్చును.

అయినచో ఆ హెచ్చు పైకము దేనికి? వాట్లకు కాదు. బాష్ వారిది 1400 వాట్లు, మకీటా 1300, ఫెస్టూల్ 1200. చవుకవాని పెట్టెలపైనను 1200 అనియే యుండును. భేదము లోపల నున్నది. మేలిరకమున బిళ్ల ఇరుసు కదలదు; పట్టాకును రంపమునకును నడుమ ఆట యుండదు; చెడిపోయిన బొగ్గుముక్కయో, బేరింగో యేండ్ల తరువాతను దొరకును. చవుకదానిలో నివి యదృష్టము ననుసరించి యుండును. దినమునకు ముప్పది పలకలు కోయు కార్ఖానాకు ఒకదినము యంత్రము నిలిచినచో కలుగు నష్టమే వెల భేదమును మ్రింగివేయును. అట్టివారు హెచ్చువెలది కొనుటయే లాభము. నెలకు పది పదునైదు పలకలు కోయువానికి ఆ లెక్క వర్తింపదు.

మరియొక సంగతి. కోత నునుపు సగము బిళ్లవలన వచ్చునదే. చవుక యంత్రముతో వచ్చు బిళ్లకు ఇరువదినాలుగు పండ్లే యుండుట కలదు. అది ముడిచెక్కకు సరిపోవును గాని సన్‌మైకా పలకను చెరుపును. నలువదియెనిమిది పండ్ల మంచిబిళ్ల వేసినచో చవుక రంపమే వేరురంపమైనట్లుండును. పట్టా పొడవును చూడవలయును. సాధారణముగ పట్టా 1400 మిల్లీమీటర్లుండును. అది నాలుగడుగుల కోతకు చాలును, ఎనిమిదడుగులకు చాలదు. రెండవ పట్టా కొని అతుకవలయును. అతుకు వంకరయైనచో కోతయు నచ్చోటనే విరుగును.

పట్టా తిన్ననిదో కాదో దుకాణముననే తెలిసికొను నుపాయము మావారు చెప్పిరి. పట్టా అంచు వెంబడి పెన్సిలుతో గీత గీయవలయును. పిదప పట్టాను తల క్రిందుచేయక కొనకు కొన త్రిప్పి, ఆ యంచునే ఆ గీత రెండు కొనలకు చేర్చి మరల గీయవలయును. రెండు గీతలు నొక్కటియైనచో పట్టా తిన్నన. నడుమ కంటియాకారముగ విడిపోయినచో వంకర. ఆ సందు నిజమైన వంకరకు రెట్టింపుగ కనబడును గనుక చిన్నదోషమును దాగదు. బట్ట కత్తిరించునపుడు మనము మడతపెట్టి రెండంచులు సరిచూచుకొనుట వంటిదే యిది. ఆ దంపతులు రాణిగంజునకు పోయి యొక దుకాణమున నిట్లు పరీక్షింపగా మొదటి పట్టా వంకర తేలినది. దుకాణదారు మారుపలుకక వేరొకటి యిచ్చెను.

పొడి సంగతియు నుపేక్షింపదగినది కాదు. ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో చెక్కపొడిని మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థములలో చేర్చినది. ప్లైవుడ్ జిగురులోనుండు ఫార్మాల్డిహైడును 2004లో చేర్చినది. పట్టాల రంపములకు పొడిని పీల్చు గొట్టము తగిలించు మూతి యుండును. పాలరాతి యంత్రమున కట్టిది లేక, పొడి యంతయు వానిముఖముననే పడును. మిగిలినది మన పిల్లలు నిదురించు గదిలో పడును. ఇల్లు కాపురముండగనే పని చేయించుకొనువారు దీనిని తలపవలయును.

ఇక గాజుల మాట. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకమున పదునెనిమిది వృత్తులు కలవు, అందు వడ్రంగమొకటి. పేరు నమోదు చేసికొనినవారికి అయిదారు దినముల శిక్షణయు, దినమునకు 500 రూపాయల భృతియు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయమును ఇత్తురు. శిక్షణానంతరము పూచీ లేకయే మొదటి విడత లక్ష రూపాయల వరకు నూటి కేటికి అయిదు వడ్డీకి అప్పు దొరకును. పదునెనిమిది నెలలలో తీర్పవలయును. ముప్పదివేల అప్పునకు మొదటినెల వడ్డీ 125 రూపాయలు. అదే సొమ్ము వడ్డీవ్యాపారియొద్ద నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున తెచ్చినచో 600 రూపాయలు. పైగా గాజులు వాని పెట్టెలో నుండును.

ఈ లెక్క కాగితముపై వ్రాసి యిచ్చితిమి. భర్త కొంతసేపు మౌనముగ నుండి, “జర్మనీది ఉంటే పని చూసి మనుషులు నమ్ముతరు సారూ” అని మావారితో ననెను. ఆ మాటలో సత్యము లేకపోలేదు; పనివాని సంచి చూచి కూలి నిర్ణయించువారు కలరు. కాని నమ్మకము యంత్రముపై పేరును బట్టి గాక తలుపు మూసినపుడు కనబడు సందును బట్టి నిలుచును. తుదకాతడు నమోదు చేయించుకొని, చవుక రంపమును, మంచిబిళ్లను, రెండు పట్టాలను, పొడిపీల్చు యంత్రమును కొనెను. నాలుగు నెలలైనది. ఇరుసున కొంచెము ఆట వచ్చినదనియు, మరలు బిగించుకొంటిననియు చెప్పుచున్నాడు. పాలరాతి యంత్రము మాత్రము మరల చేత పట్టలేదు. గాజులామె చేతులనే యున్నవి.

సోదరీమణులకు మా మనవి యొక్కటే. వంటయింటి పనికి బేరమాడునపుడు అడుగునకింత యని కూలి తెగ్గోయుట మనకు పరిపాటి. ఆ తెగ్గోసిన దానిలోనుండియే పనివాని బిళ్ల, పట్టా, కండ్లద్దములు కొనవలసియున్నవి. కాబట్టి బేరమునకు ముందు, “ఏ యంత్రముతో కోయుదువు? పొడి యెట్లు తీయుదువు?” అని యడుగుడు. పాలరాతి యంత్రమని చెప్పినచో, దానికి బదులు సరియైన రంపము తెచ్చువానికి కొంత హెచ్చిచ్చినను మన బీరువా తలుపులు తిన్నగ మూసికొనును, వాని వ్రేళ్లు వానికి మిగులును.